ఇంటిగుట్టు: గృహహింస – స్త్రీలపై, పిల్లలపై దాని ప్రభావం

ఉపోద్ఘాతం

"ఇంటిగుట్టు లంకకు చేటు" అని తెలుగువారి సామెత. "ఘర్ కీ బాత్ ఘర్ మే" అని ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో తరచు వినవచ్చే మాట. భాషలు వేరైనా రెండింటి భావం ఒక్కటే: ఇంట్లో జరిగినది గడప దాటరాదు. కుటుంబ గౌరవాన్ని కాపాడటానికి పుట్టిన ఈ హితవు అనేక సందర్భాలలో మేలే చేసి ఉండవచ్చు. కాని ఇంట్లో ఒక స్త్రీ దెబ్బలు తింటూ ఉన్నప్పుడు, ఆమె బిడ్డ మూలన నక్కి చూస్తూ ఉన్నప్పుడు, ఇదే హితవు కొట్టే చేతికి అండగాను, దెబ్బలు తినే మనిషి నోటికి తాళంగాను మారుతోంది.

గృహహింస కొత్తగా పుట్టిన సమస్య కాదు. అది ఏ ఒక్క మతానికో, కులానికో, భాషకో పరిమితమైనదీ కాదు. పూరి గుడిసెలోనూ ఉంది, మేడలోనూ ఉంది. చదువులేని ఇంట్లోనూ ఉంది, పట్టభద్రుల ఇంట్లోనూ ఉంది. ఇంత విస్తారంగా ఉన్న ఈ సమస్యను గూర్చి మనం మాట్లాడుకునేది మాత్రం అత్యల్పం. అది ఎంత మేరకు వ్యాపించి ఉన్నదో, స్త్రీల మీద, పిల్లల మీద దాని ఫలితాలు ఎటువంటివో, చట్టం ఏమి చెబుతున్నదో పరిశీలించి, పక్కింట్లో ఉండి ఆ కేకలు వినే మనవంటి వారి కర్తవ్యం ఏమిటో విచారించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

గృహహింస అనగా ఏమి?

హింస అనగానే మనకు స్ఫురించేది దెబ్బ. చట్టం దృష్టిలో దెబ్బ ఒక భాగం మాత్రమే. 2005లో మన పార్లమెంటు "గృహహింస నుండి మహిళలకు రక్షణ చట్టం" చేసింది. అది 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చింది. ఈ చట్టంలోని 3వ సెక్షను హింసను నాలుగు విధాలుగా విభజించింది. మొదటిది శారీరక హింస: కొట్టడం, తన్నడం, గాయపరచడం, బెదిరించి భయపెట్టడం వంటివి. రెండవది లైంగిక హింస. మూడవది మాటల ద్వారా, మనసును నొప్పించడం ద్వారా చేసే హింస: అవమానించడం, ఎగతాళి చేయడం, సంతానం లేదనో మగబిడ్డ పుట్టలేదనో దెప్పిపొడవడం వంటివి. నాలుగవది ఆర్థిక హింస: ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, ఆమె జీతాన్ని లాగుకోవడం, ఆమె నగలను అమ్ముకోవడం, ఇంటి నుండి వెళ్ళగొట్టడం వంటివి.

ఈ చట్టం రక్షించేది భార్యను మాత్రమే కాదు. తల్లి, అక్కచెల్లెళ్ళు, వితంతువైన కోడలు, వివాహబంధం లేకున్నా భార్యాభర్తలవలె కలిసి జీవిస్తున్న స్త్రీ – ఒకే ఇంట్లో బాంధవ్యంతో నివసించే స్త్రీలందరికీ ఇది వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు, దత్తత తీసుకున్నవారైనా సవతి బిడ్డలైనా, దీని పరిధిలోకి వస్తారు. కన్నకొడుకు చేతిలో బాధలు పడుతున్న వృద్ధురాలైన తల్లి కూడా ఈ చట్టం తలుపు తట్టవచ్చునన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

సమస్య యొక్క వ్యాప్తి

2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు సమీపంలోని తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘాతుకం యావద్దేశాన్ని కదిలించింది. విద్యార్థులు కొవ్వొత్తులు పట్టుకొని నడిచారు. పార్లమెంటు చర్చించింది. ఆనాటి నుండి శంషాబాదు పేరు వినగానే చీకటి పడిన రహదారి, ఒంటరి స్త్రీ తలపుకు రావడం సహజమైంది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. అయితే దానితోపాటు అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. రహదారి దాటి క్షేమంగా ఇల్లు చేరిన స్త్రీ నిజంగా క్షేమంగా ఉన్నదా?

అదే సంవత్సరంలో తెలంగాణలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత జరిగింది. దేశమంతటా 2019 – 21 సంవత్సరాలలో సాగిన ఈ సర్వేలో, వివాహిత స్త్రీలను ఇతరులెవ్వరూ వినని చోట ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నించారు. 18 నుండి 49 ఏళ్ళ మధ్య వయసు గల వివాహిత స్త్రీలలో భర్త చేతిలో ఎప్పుడైనా హింసకు గురి అయినట్లు చెప్పినవారు దేశం మొత్తం మీద 29.3 శాతం. తెలంగాణలో 36.9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. అంటే మన రాష్ట్రంలో ప్రతి ముగ్గురు వివాహితలలో ఒకరికి మించి ఈ బాధను అనుభవించినవారే. చెప్పడానికి వెనుకాడినవారిని ఈ లెక్క పట్టుకోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2015 – 16 నాటి సర్వేలో తెలంగాణలో ఇది దాదాపు 43 శాతం. తగ్గుదల కొంత ఊరట కలిగించినా, మిగిలి ఉన్నది స్వల్పమేమీ కాదు.

అదే సర్వే ప్రకారం, దేశంలో లైంగిక హింసకు గురి అయిన వివాహిత స్త్రీలలో నూటికి ఎనభై మందికి పైగా ఆ హింస చేసినవాడు తమ భర్తేనని చెప్పారు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదికను చూసినా ఇదే కనబడుతుంది. ఆ ఏడాది దేశంలో స్త్రీలపై నేరాలుగా నమోదైన 4,45,256 కేసులలో 31.4 శాతం భర్త లేక అతని బంధువుల క్రూరత్వానికి సంబంధించినవి. అన్ని తరగతులలోకీ పెద్దది ఇదే. ప్రపంచాన్ని పరిశీలించినా ఫలితం వేరుగా లేదు. భర్త లేక సహచరుని చేతిలోనో, పరాయివాని చేతిలోనో శారీరక, లైంగిక హింసను చవిచూసినవారు ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

కావున రహదారి మీది ప్రమాదానికి మనం చూపిన ఆగ్రహంలో కొంత భాగమైనా గడప లోపలి ప్రమాదానికి చూపవలసి ఉన్నది. లోపలిది పత్రికలకు ఎక్కదు. దానికి సాక్షులు తరచు పిల్లలే.

కారణాలు

మొట్టమొదటి కారణం, హింసను తప్పుగా భావించని మనస్తత్వం. పైన చెప్పిన సర్వేలో స్త్రీపురుషులను ఉభయులనూ మరొక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇంటినీ పిల్లలనూ సరిగా చూడకపోవడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం మొదలైన ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం న్యాయమేనా అని ప్రశ్నించారు. తెలంగాణలో ఏదో ఒక కారణానికి కొట్టడం న్యాయమేనని పురుషులలో దాదాపు 70 శాతం మంది ఒప్పుకోగా, స్త్రీలలో దాదాపు 84 శాతం మంది ఒప్పుకున్నారు. ఈ అంకె దేశంలోనే అత్యధిక స్థాయిలో ఉన్నది.

దీనిని చూసి స్త్రీలే హింసను కోరుకుంటున్నారని ఎవరైనా అంటే అది అజ్ఞానం. చిన్ననాటి నుండి "సర్దుకుపో" అన్న మాటనే విన్న పిల్ల, పెద్దదై దెబ్బ తిన్నప్పుడు తన తప్పేమిటోనని వెదుక్కుంటుంది. "మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చింది" అన్న సామెతను మనం హాస్యంగా వాడుకుంటాము. ఆలోచించి చూస్తే అందులో హాస్యమేమీ లేదు. దెబ్బ మామూలైపోయింది, నలుగురికీ తెలియడమే అవమానమైంది. శిక్ష పడవలసినవాడికి లేని సిగ్గు, శిక్ష అనుభవించినదాని నెత్తిన పడింది.

రెండవ కారణం మద్యం. భర్త తరచు తాగి మత్తులో ఉండే ఇళ్ళలో 70 శాతం మంది స్త్రీలు హింసకు గురి కాగా, భర్త మద్యం ముట్టని ఇళ్ళలో 23 శాతం మంది గురి అవుతున్నారని ఆ సర్వే తెలుపుతున్నది. ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. మద్యం హింసను పెంచుతున్నది. అయితే మద్యం ముట్టని ఇంట్లో కూడా నలుగురిలో ఒకరికి దగ్గరగా దెబ్బలు తింటున్నారు గనుక తాగుడును మాన్పిస్తే చాలునని తృప్తి పడరాదు.

మూడవది ఆర్థిక పరాధీనత. చదువు పెరిగిన కొద్దీ హింస తగ్గడం గమనార్హం. బడి ముఖం చూడని స్త్రీలలో 40 శాతం మంది హింసకు గురి కాగా, పన్నెండు సంవత్సరాలు, ఆపైన చదివినవారిలో అది 18 శాతం. చదువు మాత్రమే కవచం కాదని ఈ రెండవ అంకె కూడా హెచ్చరిస్తున్నది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన పరిస్థితి ఒకటి ఉన్నది. శంషాబాదు ఒకప్పుడు పొలాలు, చెరువులు గల పల్లెల నడుమ ఉన్న చిన్న ఊరు. 2005 మార్చిలో అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగి, 2008 మార్చి 23న విమానాల రాకపోకలు మొదలైన తరువాత ఈ ప్రాంత స్వరూపమే మారిపోయింది. సేద్యం చేసుకొనేవారు కొందరు భూములు కోల్పోయి వేరే పనులు వెదుక్కున్నారు. పాలమూరు పల్లెల నుండీ, దూరపు రాష్ట్రాల నుండీ వచ్చినవారు కిరాయి గదులలో కాపురాలు పెట్టారు. సామాను మోసే పని, కాపలా, ఊడ్చి తుడిచే పని, కారు డ్రైవరీ – రాత్రనక పగలనక షిఫ్టుల మీద సాగే కొలువులు ఇవి. పుట్టింటివారు పక్క వీధిలో ఉన్న ఊళ్ళో మేనమామో అన్నో వచ్చి అడిగేవాడు. వరుస గదుల కిరాయి ఇంట్లో అడిగే దిక్కు లేదు. అయితే ఆ గదుల మధ్య గోడలు పలుచన. ఒక గదిలో పడిన దెబ్బ రెండవ గదిలో వినిపిస్తుంది. వినిపించినా ఎవ్వరూ తలుపు తట్టరు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై విమానాలు నిలిచిపోయినప్పుడు ఈ పరిస్థితి మరింత విషమించే అవకాశం ఏర్పడింది. పని పోయింది, ఆదాయం పోయింది, తలుపులు మూతబడ్డాయి. ఆ దినాలలో గృహహింస ఫిర్యాదులు పెరిగాయని జాతీయ మహిళా కమిషన్ ప్రకటించి, 2020 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా వాట్సాప్ నంబరును ఏర్పాటు చేసింది. ఫోనులో మాట్లాడితే గదిలో ఉన్న భర్త వింటాడు గనుక రాసి పంపే మార్గం అవసరమైంది. ఇల్లే కారాగారమైన స్త్రీ స్థితికి ఇంతకంటే నిదర్శనం ఏమి కావాలి?

స్త్రీలపై ప్రభావం

భర్త చేతిలో శారీరక, లైంగిక హింసకు గురి అయిన స్త్రీలలో సుమారు నాలుగో వంతు మందికి గాయాలు అయినట్లు జాతీయ సర్వే చెబుతున్నది. కమిలిన చర్మం నుండి విరిగిన ఎముకల వరకు, కాలిన గాయాల వరకు ఇందులో ఉన్నాయి. కనబడని గాయాలు ఇంతకంటే ఎక్కువ. హింసకు గురి అయిన స్త్రీలు మనోవ్యాకులతకు లోనయ్యే అవకాశం ఇతరుల కంటే దాదాపు రెండింతలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వెల్లడించింది. వారికి తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం కూడా 16 శాతం అధికమని ఆ నివేదికే చెప్పింది. అనగా హింస ఇంకా పుట్టని బిడ్డను కూడా విడిచిపెట్టడం లేదు.

ఆరోగ్యంతోపాటు జీవనోపాధి దెబ్బ తింటుంది. ముఖం వాచిన స్త్రీ పనికి పోలేదు. పోనినాడు కూలి లేదు. కూలి లేనినాడు ఆమె మరింత పరాధీన. ఈ వలయం నుండి బయటపడటానికి ఆమెకు కావలసిన మొదటి వస్తువు, తన మాటను నమ్మే ఒక్క మనిషి. కాని హింసకు గురి అయిన స్త్రీలలో సహాయం కోరినవారు దేశంలో 14 శాతం మాత్రమే. 77 శాతం మంది సహాయం కోరలేదు, ఎవ్వరికీ చెప్పుకోనూ లేదు. ఇంటిగుట్టు ఎంత భద్రంగా ఉన్నదో ఈ అంకె చెబుతున్నది.

పిల్లలపై ప్రభావం

"పిల్లవాడికి ఏం తెలుసు, నిద్రపోతున్నాడు" అని పెద్దలు అనుకుంటారు. పిల్లవాడు నిద్రపోడు. కళ్ళు మూసుకొని వింటాడు.

ఉదాహరణకు ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని వస్తాడు. తలుపు చప్పుడును బట్టి ఆ రోజు ఎలా ఉండబోతున్నదో ఏడేళ్ళ బిడ్డ గ్రహిస్తుంది. చెల్లెలిని పక్కకు లాక్కొని దుప్పటి కప్పుతుంది. తెల్లవారి బడికి వెళ్ళి బల్ల మీద తల వాల్చి నిద్రపోతుంది. హోంవర్కు చేయలేదని ఉపాధ్యాయుడు నిలబెడతాడు. ఆ బిడ్డకు "మందబుద్ధి" అని పేరు పడుతుంది. ఇంటిలోని కారణం బడికి తెలియదు, బడిలోని ఫలితం ఇంటికి పట్టదు.

ఇటువంటి వాతావరణంలో పెరిగే పిల్లలలో నిద్రలేమి, పక్క తడపడం, అకారణమైన కడుపునొప్పి, చదువులో వెనుకబడటం, తోటివారితో కలవకపోవడం లేక వారిని కొట్టడం సాధారణంగా కనిపించే లక్షణాలు. తల్లిని రక్షించబోయి తామే దెబ్బలు తినే పిల్లలు కలరు. తల్లి దెబ్బలకు తానే కారణమని నమ్మే పిల్లలు కూడా కలరు.

ఈ గాయం బాల్యంతో ముగిసిపోదు. 1998లో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో తొమ్మిది వేలకు పైగా పెద్దవారిని వారి బాల్యానుభవాలను గూర్చి ప్రశ్నించారు. పరిశోధకులు ఎంచుకున్న ఏడు రకాల బాల్య కష్టాలలో తల్లిపై జరిగిన హింస ఒకటి. ఈ కష్టాల సంఖ్య పెరిగిన కొద్దీ పెద్దయ్యాక వ్యసనాలు, మనోవ్యాకులత, ఆత్మహత్యాయత్నాలు, గుండెజబ్బు వంటివి పెరుగుతూ పోయినట్లు వారు కనుగొన్నారు. మన దేశపు సర్వేలో సైతం, తన తండ్రి తల్లిని కొట్టడం చూసిన స్త్రీకి తానూ భర్త చేతిలో దెబ్బలు తినే ప్రమాదం ఇతరులకంటే ఎంతో అధికమని తేలింది. కొట్టడం చూసి పెరిగిన కొడుకు కొట్టడం నేర్చుకుంటాడు, భరించడం చూసి పెరిగిన కూతురు భరించడం నేర్చుకుంటుంది. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు పెద్దలు. మొక్కను వంకరగా వంచుతున్నది మన ఇళ్ళే అయినప్పుడు మానును నిందించి ప్రయోజనం ఏమి?

అయితే ఇది విధివ్రాత కాదు. హింస చూసిన ప్రతి బాలుడూ హింసకుడు కాడు. ప్రేమగా, నిలకడగా ఆదరించే పెద్దవారు ఒక్కరున్నా – అమ్మమ్మ కావచ్చు, ఉపాధ్యాయురాలు కావచ్చు, పక్కింటి అత్త కావచ్చు – బిడ్డ కోలుకునే అవకాశం మెరుగుపడుతుందని పిల్లల మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

చట్టం చూపిన మార్గం

వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని నేరంగా పరిగణిస్తూ 1983లో శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షను చేర్చబడింది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి రావడంతో ఆ నిబంధన 85, 86 సెక్షన్లలో చోటు చేసుకున్నది. ఇవి శిక్షించే చట్టాలు. అయితే చాలామంది స్త్రీలు భర్తను జైలుకు పంపాలని కోరుకోరు. దెబ్బలు ఆగాలని, తలదాచుకునే నీడ పోకూడదని మాత్రమే కోరుకుంటారు. 2005 నాటి చట్టం ముఖ్యంగా ఇటువంటివారి కోసం ఏర్పడింది.

దీని ప్రకారం మేజిస్ట్రేటు, హింస చేయరాదని రక్షణ ఉత్తర్వును, ఆమెను ఇంటి నుండి వెళ్ళగొట్టరాదని నివాస ఉత్తర్వును, ఖర్చులకు డబ్బు చెల్లించాలని ఉత్తర్వును, పిల్లలను తాత్కాలికంగా ఆమె వద్ద ఉంచే ఉత్తర్వును, నష్టపరిహారపు ఉత్తర్వును ఇవ్వవచ్చు. ఇల్లు ఆమె పేరున లేకున్నా అందులో నివసించే హక్కు ఆమెకు ఉన్నది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రక్షణ ఉత్తర్వును ధిక్కరిస్తే ఒక సంవత్సరం వరకు జైలు, ఇరవై వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. దరఖాస్తు అందిన మూడు రోజులలో మొదటి విచారణ, అరవై రోజులలో పరిష్కారం జరగాలని చట్టం ఆశించింది. ఆచరణలో ఈ గడువులు తరచు దాటిపోతున్నాయన్నది విచారకరమైన సత్యం.

ప్రతి జిల్లాలోనూ రక్షణాధికారి ఉంటారు. మహిళా శిశు సంక్షేమ శాఖ వారి ద్వారా ఆ అధికారిని కలవవచ్చు. బాధితురాలు తాత్కాలికంగా నివసిస్తున్న చోట కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు గనుక, వేరే జిల్లా నుండో రాష్ట్రం నుండో వచ్చి శంషాబాదులో కాపురముంటున్న స్త్రీ స్వస్థలానికి పోనవసరం లేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా న్యాయవాది సహాయం లభిస్తుంది.

ఈ చట్టం మతభేదం లేకుండా అందరికీ సమానమే. ఈ సందర్భంలో మన రాష్ట్రం నుండే వెళ్ళిన ఒక వ్యాజ్యాన్ని ప్రస్తావించాలి. మహమ్మద్ అబ్దుల్ సమద్, తెలంగాణ రాష్ట్రం మధ్య నడిచిన ఆ కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి కూడా నేర విచారణ స్మృతి 125వ సెక్షను క్రింద మనోవర్తి కోరే హక్కు ఉన్నదని స్థిరపరచింది. భర్తను వదిలితే పిల్లలతో ఎట్లా బతికేదన్న భయమే అనేకమందిని హింసలో కట్టిపడవేస్తున్నది గనుక ఈ తీర్పు ప్రాధాన్యం ఎంతో ఉన్నది.

ఇక ఈ వ్యాసానికి కీలకమైన విషయం. 2005 చట్టంలోని 4వ సెక్షను ప్రకారం, గృహహింస జరిగిందనో, జరుగుతున్నదనో, జరగబోతున్నదనో నమ్మడానికి కారణమున్న ఏ వ్యక్తి అయినా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సద్భావంతో తెలియజేసినవారిపై ఏ కేసూ ఉండదు. "అది వాళ్ళ ఇంటి గొడవ, మనకెందుకు" అన్న మాటకు చట్టం ఇచ్చిన సమాధానం ఇదే.

దూబగుంట నేర్పిన పాఠం

2005 నాటి చట్టం లేని రోజులలో కూడా పక్కింటివారు కలిస్తే ఏమి జరిగిందో తెలుగునేల చూసింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్న కాలంలో దూబగుంట గ్రామపు స్త్రీలు రాత్రి బడిలో కూర్చుని, సారా వల్ల కాపురాలు కూలిపోవడాన్ని గూర్చిన పాఠం చదివారు. అది తమ కథే అనుకున్నారు. అంతవరకు ఎవరి ఇంట్లో వారు ఏడ్చినవారు మొదటిసారిగా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచి సారా దుకాణాన్ని మూయించారు. 1992లో అది జిల్లా అంతటా, పిదప రాష్ట్రమంతటా పాకిన ఉద్యమమైంది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయినది నిజమే. కాని దూబగుంట అసలు విజయం నిషేధం కాదు. "నా ఇంటి గుట్టు" అనుకున్నది "మన అందరి బాధ" అని గ్రహించడమే ఆ విజయం.

మన కర్తవ్యం

హైదరాబాదు నగరంలో స్త్రీలకు అండగా నిలిచే ప్రయత్నాలు లేకపోలేదు. భూమిక సంస్థ 2006లో హెల్ప్‌లైను ప్రారంభించింది. పాతబస్తీలో షాహీన్ సంస్థ 2002 నుండి పేద స్త్రీల మధ్య పనిచేస్తూ వచ్చింది. 2016లో పోలీసుశాఖ భరోసా కేంద్రాన్ని నెలకొల్పింది. వైద్యం, ఆశ్రయం, న్యాయ సలహా ఒకే చోట లభించే సఖి కేంద్రాలు జిల్లాలలో ఏర్పడ్డాయి. స్త్రీల సహాయానికి 181, పిల్లలకు 1098, అత్యవసరమైన వేళ 112, న్యాయ సహాయానికి 15100 – ఈ నాలుగు నంబర్లు ప్రతి విద్యార్థికీ కంఠస్థమై ఉండాలి.

విద్యార్థులారా! పక్క గదిలో కేక వినబడినప్పుడు వీరావేశంతో దూకనవసరం లేదు. ప్రాణాపాయమనిపిస్తే వెంటనే 112కు ఫోను చేయండి. నలుగురినీ పిలిచి తలుపు తట్టండి. మంచినీళ్ళు కావాలనో, పంచదార కావాలనో అడగండి. బయట మనిషి ఉన్నదని తెలిస్తే ఎత్తిన చేయి ఆగే అవకాశం ఉన్నది. ఆ తరువాత ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడండి. "నువ్వేం చేశావు?" అని అడగవద్దు. "సర్దుకుపో" అని చెప్పవద్దు. "నీ తప్పు లేదు, నేనున్నాను" అన్న మాట చాలు. ఆధారు కార్డు, పిల్లల బడి కాగితాలు, కొద్దిపాటి డబ్బు నమ్మకమైన చోట దాచుకొమ్మని చెప్పండి. వెళ్ళాలో ఉండాలో నిర్ణయించుకునే హక్కు ఆమెదే. ఆమెను తొందరపెట్టడం కూడా ఒక రకమైన బలవంతమే.

సహాధ్యాయులలో ఎవరైనా హఠాత్తుగా మౌనంగా మారితే, తరచు గైర్హాజరైతే, చేతుల మీది గుర్తులు దాచుకుంటే ప్రేమతో పలకరించండి. మన మధ్యనే ఆ ఇళ్ళ పిల్లలు ఉన్నారని మరువకండి. విద్యార్థి సోదరులకు మరొక మనవి. రేపు మీరు భర్తలవుతారు, తండ్రులవుతారు. మీ తండ్రి ఇంట్లో చూసినదానిని మీ ఇంటికి తీసుకుపోవాలా వద్దా అన్న నిర్ణయం మీ చేతిలో ఉన్నది.

కళాశాల పాలకవర్గం వారికి సవినయంగా మూడు సూచనలు. ఒకటి, పైన చెప్పిన సహాయ నంబర్లను తెలుగు, ఉర్దూ భాషలలో నోటీసు బోర్డు మీద శాశ్వతంగా ఉంచాలి. రెండు, ఏడాదికి ఒకసారైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ వారిని పిలిపించి విద్యార్థినీ విద్యార్థులకు ఈ చట్టాన్ని గూర్చి ఉపన్యాసం ఇప్పించాలి. మూడు, రహస్యంగా గోడు వెళ్ళబోసుకోవడానికి వీలుగా ఒక అధ్యాపకురాలికి వారంలో ఒక గంట కేటాయించాలి. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం.

ముగింపు

మొదట పేర్కొన్న సామెత దగ్గరకే మళ్ళీ వద్దాం. ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. విభీషణుడు గుట్టు చెప్పినందువల్ల లంక నశించిందని దాని తాత్పర్యం. కాని రామాయణ కథ తెలిసినవారు ఒక్క క్షణం ఆలోచించాలి. లంకకు చేటు ఎప్పుడు మొదలైంది? విభీషణుడు సముద్రం దాటిననాడు కాదు. ఒక స్త్రీని బలవంతంగా తెచ్చి బంధించిననాడే మొదలైంది. విభీషణుడు ముందుగా అన్నకే హితవు చెప్పాడు. వినకపోతేనే గడప దాటాడు.

మన బస్తీలలో, మన వరుస గదులలో, మన బంధువుల ఇళ్ళలో ఈ రాత్రి కూడా ఒక బిడ్డ దుప్పటి క్రింద కళ్ళు మూసుకొని వింటూ ఉంటుంది. ఆ గోడకు ఇవతల మనం కూడా వింటూ ఉంటాము. తలుపు తట్టే మొదటి చేయి మనదైతే ఆ ఇంటికి చేటు కలుగదు, మేలే కలుగుతుంది.